ఇంజినీరు కోసం పోసిన మట్టి

బ్రెజిల్‌లో కంబారా కొండ మీద పదకొండు ఇళ్లు, నూట నలభై ఆవులు, ఒక కొట్టు. కొట్టు జుల్మీరాది. దాని వెనక రేకుల షెడ్డులో పాలు చల్లబరిచే స్టీలు ట్యాంకు ఉంది. తెల్లవారేసరికి పదకొండు ఇళ్ల పాలూ అందులో పడతాయి. రోజు విడిచి రోజు డెయిరీ ట్యాంకర్ కొండెక్కి తోడుకుపోతుంది. ట్యాంకర్ వస్తే పాలు సరుకు, రాకపోతే కుడితి. అరవైకి దగ్గరపడుతున్న జుల్మీరా లోకాన్ని చూసి నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఒక్క ముక్కే.

కొండకీ కింద హైవేకీ మధ్య తొమ్మిది కిలోమీటర్ల మట్టి రోడ్డు. ఆరేళ్ల కిందట రాష్ట్ర రోడ్ల శాఖ వాళ్లు వచ్చి, దానికొక నంబరిచ్చి, కొండ మొదట్లో, హైవే నుంచి అర కిలోమీటరు లోపల, నీలం బోర్డు పాతి వెళ్లారు. ఆనాటి నుంచి మునిసిపాలిటీ గ్రేడర్ ఆ బోర్డు దాకా మట్టి చదును చేసుకుంటూ వచ్చి, బ్లేడు పైకెత్తి, వెనక్కి తిరిగి పోతోంది.

బోర్డు పాతినవాడే మట్టి పోయాలంటాడు మేయర్. నంబరు మాత్రమే మాది, రోడ్డు మీదే, ఒప్పగింత కాగితం మీద మీరింకా సంతకం పెట్టలేదంటుంది రాష్ట్రం. రోడ్ల పన్నులో మా వాటా రెండేళ్లుగా మీ దగ్గరే ఆగిపోతే సంతకం ఎలా పెడతామంటాడు మళ్లీ మేయర్.

"బిడ్డతో ఫొటో దిగడానికి ఇద్దరు తండ్రులు, పాలడబ్బా కొనడానికి ఒక్కడూ లేడు" అనేది జుల్మీరా, కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ.

డిసెంబరు వానల్లో ట్యాంకర్ డ్రైవర్ జేనిల్సన్ ఒక కాగితం తెచ్చాడు. ఫిబ్రవరిలో వచ్చే కార్నివాల్ పండగలోగా రోడ్డు బాగుపడకపోతే ట్యాంకర్ కొండెక్కదని డెయిరీ రాసింది.

"నా చేతుల్లో ఏం లేదక్కా" అన్నాడు జేనిల్సన్ కాఫీ అందుకుంటూ. "నల్లరాతి ఎక్కుడు దగ్గర బండి వెనక్కి జారుతుంటే తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయాయి. మా అత్త పేరు కూడా తలుచుకున్నాను."

"ఆవిడ పేరుకే ఆగి ఉంటుందిలే బండి" అంది జుల్మీరా. నవ్వుతూనే కాగితాన్ని రెండోసారి చదివింది.

ఒక దారి మాత్రం ఉంది. రోడ్డును ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారని రాష్ట్ర ఇంజినీరు వచ్చి, చూసి, రాసిస్తే, ఎవరి సంతకంతోనూ పనిలేకుండా రాష్ట్రమే దాన్ని తీసుకోవచ్చు. ఇంజినీరు డిసెంబరులో ఒకసారి బయల్దేరాడు కూడా. నల్లరాతి ఎక్కుడు దగ్గర కారు చక్రాలు తిరిగిన చోటే తిరుగుతుంటే దిగి చూసుకుని, బురద బూట్లతో మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. జనవరిలో ఇంకొక్కసారి వస్తాననీ, అప్పుడూ పైదాకా చేరలేకపోతే ఫైలు మూసేస్తారనీ కబురు పంపాడు.

జుల్మీరా లెక్క వేసింది. ఆయన పైకి రావాలి. రావాలంటే కారు ఆ ఒక్క ఎక్కుడు ఎక్కాలి. నలభై మీటర్ల మేర రాళ్లు పేర్చి గులకమట్టి పోస్తే చాలు. మిగతా ఎనిమిదిన్నర కిలోమీటర్లూ ఆయన నడుం విరగ్గొట్టాలి. విరిగిన నడుమే సాక్ష్యం చెబుతుంది.

ముచిరావ్ పెట్టుకున్నారు, అంటే ఊరంతా కలిసి కూలి లేకుండా చేసుకునే పని. ఇంటికొక మనిషి, ఇంటికొక పార, అందరికీ కలిపి ఒక వంట. కొట్టులో మిగిలిన ఆరు సిమెంటు బస్తాలు జుల్మీరా ఇచ్చింది. మొదటి రోజుకే ఎక్కుడు గట్టిపడింది. రెండో రోజు పొద్దున ఆమె కొట్టు తెరిచేసరికి పారలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఒరొజింబో ముందుండి జనాన్ని కిందికి నడిపిస్తున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కొండ మీద అందరికన్నా పెద్దవాడు.

"బాబాయ్, ఎక్కుడు అయిపోయిందిగా? ఇంకెక్కడికి?"

"గుంటలు పూడ్చొద్దూ? చుట్టం వస్తుంటే గడప ఒక్కటి తుడిచి ఇల్లు వదిలేస్తామా?"

"ఆయన చుట్టం కాదు బాబాయ్. గుంటలు చూడ్డానికే వస్తున్నాడు."

"చూసి ఏమనుకుంటాడు? కంబారా వాళ్లు సోమరిపోతులనా? మా నాన్న పోయిన రోజున కూడా ఈ రోడ్డు మీద గడ్డి లేదమ్మాయ్. నువ్వు బీన్స్ కుక్కర్ ఎక్కించు, పో."

ఆమె ఇంకా గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. మరో రెండు రోజులు గుంటలు పూడ్చారు, కాలవలు తీశారు, పక్కన పెరిగిన గడ్డి కోశారు. ఎవరో మలుపుల్లో రాళ్లకి సున్నం కూడా కొట్టారు. జుల్మీరా రాళ్లకి లెక్క వేసింది, సిమెంటుకి లెక్క వేసింది. పౌరుషాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

పది రోజులు వాన పడలేదు. అదీ ఒక దెబ్బే. ఇంజినీరు లేమోస్ కారు దుమ్ము రేపుకుంటూ ఇరవై నిమిషాల్లో పైకి వచ్చింది. ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. పంది మాంసం, కర్రపెండలం పిండి కలిపిన బీన్స్, చీజ్ ముక్క మీద జామ తాండ్ర, అన్నీ వద్దనకుండా తిన్నాడు. తిన్నాక బల్ల మీద ఫారం పరిచాడు.

"రోడ్డు బానే ఉందండీ" అన్నాడు.

"అయ్యో సారూ, అది మొన్న మేం పోసిన మట్టి. రెండు వానలు పడితే కొట్టుకుపోతుంది."

"పడ్డాక ఎలా ఉంటుందో నేను చూళ్లేదు కదమ్మా. చూసిందే రాయాలి."

"డిసెంబరులో చూశారుగా! మీ కారే ఎక్కలేదు."

"అప్పుడు తనిఖీ జరగలేదు. జరగని తనిఖీలో చూసింది రాయడానికి కాలమ్ లేదు." ఆ మాట అన్నందుకు అతనే కాస్త సిగ్గుపడ్డట్టున్నాడు, తల వంచి తర్వాతి గడి చూశాడు. "ఈ రోడ్డుని ప్రస్తుతం ఎవరు చూసుకుంటున్నారు?"

ఎవరూ లేరు సారూ, అని జుల్మీరా నోరు తెరిచేలోపు ఒరొజింబో లేచి నిలబడ్డాడు. టోపీ చేత పట్టుకుని ఉన్నాడు.

"ఇంకెవరండీ, మేమే! మా తాతల నాటి నుంచీ మేమే. ఒకడి ముందు చెయ్యి చాచింది లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఇంజినీరు కలం కదిలింది.

"సారూ, ఒక్క నిమిషం, ఆయన పెద్దాయన, ఏదో..."

"ఫర్వాలేదమ్మా, చక్కగా చెప్పారు" అన్నాడు లేమోస్. వెళ్లేటప్పుడు చీజ్ ముద్దలు రెండిస్తే డబ్బిచ్చి మరీ తీసుకున్నాడు.

జనవరి ఆఖరులో ఉత్తరం వచ్చింది. రోడ్డు వాడుకలో ఉంది, స్థానికంగా నిర్వహణ జరుగుతోంది, కాబట్టి రాష్ట్రం తీసుకోవలసిన అవసరం లేదు. జుల్మీరా దాన్ని పట్టుకుని మేయర్ దగ్గరికి వెళ్లింది. ఆయన చదివి చాలా సంతోషించాడు.

"స్థానికంగా అన్నాడు గానీ మునిసిపాలిటీ అన్లేదు, చూశావా? అంటే మాదీ కాదన్నమాట."

"మరి ఎవరిదండీ?"

"మీరు చూసుకుంటున్నారు కదా, తల్లీ."

ఆ వారమే వానలు దిగాయి. మొదట సున్నం పోయింది, తర్వాత మట్టి, తర్వాత మట్టి కింది రాళ్లు. కార్నివాల్‌కి బ్రెజిల్ దేశమంతా వీధుల్లో గంతులేస్తుంటే కంబారాలో ట్యాంకు మూతదాకా నిండి పాలు పులిసిపోయాయి. ట్యాంకర్ రాలేదు. చీజ్ చేద్దామంటే తనిఖీ ముద్ర లేని చీజ్ టౌన్లో ఏ కొట్టువాడూ తీసుకోడు. మూడు వారాలు పందులకి పోశారు. పందులకి కూడా మొహం మొత్తింది.

ఇంక ఆవుల్ని అమ్మడమే. బేరగాడి లారీ నల్లరాతి ఎక్కుడు దాకా కూడా రాలేదు. బోర్డు దగ్గరే ఆగుతాను, తోలుకురండి, అని ఫోన్ చేశాడు. నడకలో ఆవు ఒళ్లు తగ్గుతుందని జుల్మీరాకి తెలుసు. ఎంత తగ్గుతుందో, బేరగాడు ఎంత కోస్తాడో కూడా తెలుసు. ఆవులే పోయాక కొట్టులో ఉప్పూ దాణా ఎవరు కొంటారు? ఆ లెక్క చివరిదాకా వేయలేదు. తలుపు మూసి, బెత్తం పట్టుకుని ఆమె కూడా మందతో దిగింది.

పొద్దున తొమ్మిదైంది. పాలు పితకని పొదుగులు బిగుసుకుపోయి ఆవులు కాళ్లు ఎడం చేసి నడుస్తున్నాయి. ఐదో కిలోమీటరు దగ్గర ఇక కదలక అరవడం మొదలుపెట్టాయి. ఆడవాళ్లు బురదలో గొంతుక్కూర్చుని పితికారు. ఒక్క బకెట్ కూడా ఎవరూ తేలేదు. పాలు గుంటల్లో పడి, ఎర్రనీళ్లతో కలిసి, చక్రాల గాడిలో కిందికి పారాయి.

ఒరొజింబో తన ఆవు పితికి లేచాడు. లేవడానికి జుల్మీరా భుజం పట్టుకున్నాడు. ఆయనకి చదువు రాదు.

"అమ్మాయ్, ఒక మాటడుగుతా. ఆ కాగితంలో ఉన్నది నేనన్న మాటేనా?"

నలభై ఏళ్ల వ్యాపారంలో జుల్మీరా తూకంలో గ్రాము మోసం చేయలేదు.

"కాదు బాబాయ్. వాళ్లు ముందే రాసుకొచ్చారు."

ఆయన ఆమె మొహం వంక చూశాడు. ఎవరి కళ్లలో చూసినా నిజమో అబద్ధమో తెలిసిపోయే వయసు ఆయనది.

"సరేలే" అన్నాడు. భుజం మీద చెయ్యి తీసి ఆవుని అదిలించాడు. కింద బోర్డు దగ్గర లారీవాడు హారన్ కొడుతున్నాడు.