అరికాళ్ళు చూసే మనిషి

తైస్తోకి కాళ్ళు అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. చలేస్తోందా అంటే లేదంటాయి. తడిశాయా అంటే లేదంటాయి. షుగర్ ముదిరినవాళ్ళకి ఇది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. మామూలట! కూసమోలో, ఆరు నెలలు మంచు కదలని ఊళ్ళో, అడవి దారుల్లో సైకిలు తొక్కడం తప్ప మరో సరదా మిగలని అరవై నాలుగేళ్ళ మనిషికి ఇది మామూలు ఎలా అవుతుందో ఆవిడే చెప్పాలి.

అక్టోబరులో ఆరోగ్య కేంద్రంలో నర్సు అతన్ని కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాను దారంతో అరికాలి మీద పొడుస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అంది. తైస్తో బుద్ధిగా కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎప్పుడు మొదలుపెడతారని చివరికి తనే అడిగాడు. రెండు కాళ్ళూ అయిపోయాయండీ అందావిడ.

ఈ శీతాకాలం సైకిలు వద్దంది నర్సు. తప్పదంటే ఒకటే షరతు పెట్టింది. రోజూ సాయంత్రం అరికాళ్ళు ఎవరో ఒకరు చూడాలి. అతనే చూసుకోవడం కుదరదు, నడుము వంగదు, దగ్గరి చూపు ఆనదు.

"ఇంట్లో చూసేవాళ్ళు ఉన్నారా?"

"మా ఆవిడ చూస్తుంది" అన్నాడు తైస్తో. నర్సు అది కంప్యూటర్లో రాసుకుంది. భార్య సిర్కా పోయి అప్పటికి ఆరేళ్ళు.

అబద్ధమైతే ఆడాడు గానీ, కాళ్ళ విషయంలో మాత్రం పిసరంత అశ్రద్ధ చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు నంబర్లు పెద్ద బూట్లు కొన్నాడు. రెండేసి మందపు మేజోళ్ళు తొడిగి బూటులో కుక్కితే నెత్తురు ఆడక వేళ్ళు ముందే గడ్డకడతాయని అక్కడ సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలుసు. అందుకని ముందు పల్చటి మేజోడు, దాని మీద రొట్టె వచ్చిన ప్లాస్టిక్ కవరు, దాని మీద వదులుగా ఉన్ని మేజోడు. అడుగున ఉన్ని అట్ట. తాళ్ళు వదులుగా. మారు మేజోళ్ళు చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని మోసేవాడు, వెచ్చగా ఉంటాయని. అరగంటకోసారి దిగి రెండు వందల అడుగులు నడిచేవాడు. కాళ్ళు చెప్పవు కనుక గడియారం చెప్పాలి.

సాయంత్రాలే కష్టంగా ఉండేవి. నేల మీద అద్దం పెట్టి, దాని మీదికి కాలెత్తి చూస్తే గులాబీ రంగు పొగలాంటిదేదో కనిపించేది. ఫోనుతో ఫోటో తీస్తే బల్ల కాలు వచ్చింది. బానే ఉండుంటాయిలే అనుకుని పడుకునేవాడు.

చూడడానికి మనిషి లేడా అంటే, ఉన్నాడు. రెండంతస్తుల పైన ఆర్మస్ ఉంటాడు. ఇద్దరూ పాతికేళ్ళు కలిసి ఆ అడవుల్లో సైకిళ్ళు తొక్కినవాళ్ళే. రెండేళ్ళ కిందట ఆర్మస్ మోటారున్న సైకిలు కొన్నాడు. ఒక శనివారం సాయంత్రం అపార్టుమెంటు సెల్లారులోని సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, నలుగురి ముందు, తైస్తో నోరు జారాడు. మోటారు మీద కొండెక్కే మొనగాడికి కాళ్ళతో పనేముంది, ఇంట్లో పెట్టి రావచ్చుగా అన్నాడు. అందరూ నవ్వారు. ఆర్మస్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వారం తర్వాత తెలిసింది, ఆ వేసవిలోనే అతని గుండెకి పెద్ద ఆపరేషన్ జరిగిందని, ఎవరికీ చెప్పుకోలేదని. తైస్తోకి తల తీసేసినట్టయింది. మొహం చెల్లక సౌనాకి వెళ్ళడం మానేశాడు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ తలలూపుకునేవారు, అంతే. తైస్తో ఒక్క మనిషితోనూ మాట్లాడకుండా నాలుగైదు రోజులు గడిచిపోయిన వారాలు ఎన్నో ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఎండ కాసి, చలి సున్నాకి పద్దెనిమిది కింద ఉంది. లావు టైర్ల సైకిలు మీద తైస్తో చిత్తడి నేల దాటుతున్నాడు. మంచు అడుగున నీళ్ళు ఊరాయి. సైకిలు ఆగింది, అతను కాలు దింపాడు, బుడుంగుమని చప్పుడైంది. చప్పుడు విన్నాడు గానీ తడి తెలియలేదు. తల వంచి చూస్తే ఎడమ బూటు చీలమండ దాకా నీళ్ళలో ఉంది. భయమేసింది, ఎందుకెయ్యదు? పది నిమిషాల దూరంలో బాటసారుల గుడిసె ఉంటే అక్కడిదాకా సైకిలు తోసుకుంటూ పరిగెత్తాడు.

గుడిసెలో ఎవరూ లేరు. పొయ్యి రాజేశాడు. తడిసిందంతా విప్పి, కాలు తుడిచి, పొట్ట దగ్గరి వెచ్చటి ఉన్ని మేజోడు తొడుక్కున్నాడు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. బెంచీ లాక్కుని కాళ్ళు పొయ్యి వైపు చాపి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, గుడిసె పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, అందులో ఎవరెవరు వచ్చి వెళ్ళారో చదువుకుంటూ కూర్చున్నాడు. అక్కడ నిద్రచేసిన ఒక కుటుంబం పిల్లల పేర్లు కూడా రాసింది. ఆ పేర్లన్నీ చదివాడు.

ఉన్ని కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో పొయ్యి మీద చేతి తొడుగులు వదిలేశారు కాబోలని తలెత్తాడు. పొయ్యి మీద ఏమీ లేదు. గుడిసెలో తను తప్ప ఎవరూ లేరు. అప్పుడు చూసుకున్నాడు, ఎడమ మడమ పొయ్యి ఇనుముకి ఆనుకుని ఉంది, మేజోడు పొగలేస్తోంది.

మేజోడు విప్పలేదు. విప్పితే ఏం కనిపిస్తుందోనని భయం, విప్పినా ఏమీ కనిపించదని ఇంకా భయం. నాలుగు నెలలుగా కాలిని చలి నుంచి కాపాడుకున్నాడు, నిప్పు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు! మేజోడు మీదే రొట్టె కవరు తొడిగి, తడి బూటు వేసుకుని, ఇంటి దాకా పద్నాలుగు కిలోమీటర్లు తొక్కాడు. కాలింది మేజోడేనా, కాలు కూడానా? ఆ ఒక్క ప్రశ్నే దారి పొడుగునా అతని బుర్రలో తిరిగింది. నర్సుకి ఫోన్ చేస్తే అబద్ధం బయటపడుతుంది, సైకిలు ఆగిపోతుంది. చేయకపోతే కాలే పోవచ్చు.

ఇల్లు చేరేసరికి అయిదు దాటింది. అది మగవాళ్ళ సౌనా వేళ. తైస్తో పైకి వెళ్ళలేదు, సెల్లారులోకి దిగాడు. గుండె ఆపరేషన్ అయినవాడు వేడిలో ఎక్కువసేపు కూర్చోడు, బట్టలు మార్చుకునే గదిలోనే ఉంటాడని ఊహించాడు. నిజంగానే ఆర్మస్ అక్కడే ఉన్నాడు, తువ్వాలు చుట్టుకుని, ఒక్కడే.

"నా అరికాలు ఒకసారి చూడరా."

"రెండేళ్ళకి నోరు విప్పి అడిగేది ఇదా?"

"ఇదే."

ఆర్మస్ ఇంకేమీ అడగలేదు. కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు, కాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. కాలిన ఉన్ని చర్మానికి అంటుకుపోయింది. చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు పోసి, నానబెట్టి, మెల్లగా ఊడదీశాడు. తైస్తో అతని మొహమే చూస్తున్నాడు. మొహంలో ఏమీ తెలియలేదు.

"మడమ కాలింది. బొబ్బ చితికింది" అన్నాడు ఆర్మస్. ఆగి, కాలు వెలుతురుకి తిప్పాడు. "చిటికెన వేలు కింద ఇంకో పుండుంది. ఇది ఇవాళ్టిది కాదు."

తైస్తో ఊడదీసిన మేజోడు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇక్కడొకటి వచ్చి మానిపోయింది. ఇదిగో, ఇక్కడ ఇంకోటి. ఇన్ని అవుతుంటే ఒక్కరూ చూడలేదేంరా?"

ఎవరున్నారని చూడడానికి? అని తైస్తో మనసులోనే అనుకున్నాడు. ఆర్మస్ గబగబా బట్టలేసుకున్నాడు. ఒక్క అడుగు కూడా వేయొద్దని చెప్పి, కారు మీది మంచు ఒట్టి చేతులతో తోసేసి, తలుపు దగ్గరికే తెచ్చాడు. కారులో కూర్చున్నాక తైస్తో, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అన్నాడు. ఆర్మస్ రోడ్డు వైపే చూస్తూ, ప్రతి శనివారం నువ్వొచ్చి ఆ మాట అంటావనే చూశానన్నాడు. ఆరోగ్య కేంద్రం ముందు కారు ఆపాడు.

డ్యూటీలో ఉన్న నర్సు కొత్తమ్మాయి. పుండ్లు కడిగి, కంప్యూటర్లో చదివింది.

"రోజూ మీ ఆవిడ చూస్తారని రాసుంది. ఆవిణ్ణి పిలవండి, కట్టు ఎలా మార్చాలో చూపిస్తాను."

ఆర్మస్ తలుపు దగ్గర, తడి జుట్టుతో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సిర్కాకి పూలు పెట్టడానికి సమాధి దగ్గరికి వచ్చినవాళ్ళలో అతనూ ఉన్నాడు. తైస్తోకి ఆ గదిలోంచి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"సిర్కా లేదమ్మా. ఆరేళ్ళయింది. అది నేనే అబద్ధం రాయించాను."

ఆ అమ్మాయి కోప్పడలేదు. ఈ శీతాకాలానికి సైకిలు లేదని చెప్పింది. వచ్చే ఏటి మాట చూసేవాళ్ళని బట్టి ఉంటుందంది. మరి ఎవరు చూస్తారని అడిగింది.

"ఎవరూ లేరు" అన్నాడు తైస్తో. అబద్ధం ఆడినప్పటి కంటే ఈ నిజం చెప్పినప్పుడే అతనికి ఎక్కువ సిగ్గేసింది.

తలుపు దగ్గర్నుంచి ఆర్మస్ ముందుకొచ్చాడు. "ఆ కట్టేదో నాకు చూపించమ్మా" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె గుడ్డ చుట్టడానికి వీలుగా చీలమండ కింద చెయ్యి పెట్టి కాలు పైకెత్తి పట్టుకున్నాడు.

తైస్తో ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. అది తన కాలిని పట్టుకుని ఉంది, కళ్ళకి కనిపిస్తోంది. అంతకు మించి అతనికేమీ తెలియడం లేదు.

"నీ చెయ్యి చల్లగా ఉందా?" అని అడిగాడు.

"మంచు తోసిన చెయ్యి, చల్లగానే ఉంటుంది. కాసేపు ఓర్చుకో."

"ఓర్చుకుంటాను" అన్నాడు తైస్తో.