అద్దం మీద పాచి

పెళ్లయి ఇరవై ఆరు రోజులైంది. కొత్త కోడలికి ఆ ఇంట్లో ఇంకా ప్రతిదీ ముద్దొస్తూనే ఉంది. స్నానాల గదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీదొకటి వాలి నిలబడటం ముద్దొస్తుంది. లిఫ్టు మెకానిక్ అయిన మొగుడు, "మా కంపెనీలో నా అంత పైకెళ్లినవాడు లేడోయ్, సాయంత్రానికల్లా కిందికొచ్చేస్తాననుకో" అని రోజూ అదే జోకు వేయడం ముద్దొస్తుంది. మావగారి ఆక్సిజన్ యంత్రం సీసాలో నీళ్లు గుడగుడలాడే చప్పుడూ, ఎదురుగా చేపల తొట్టిలో బుడగల చప్పుడూ జంటగా వినబడటం కూడా ముద్దే.

ముద్దురానిదల్లా ఆ తొట్టి ఒక్కటే.

వెనక అద్దమంతా పచ్చటి పాచి. ఫిల్టరులో స్పాంజి నల్లగా, పట్టుకుంటే జారిపోయేంత జిగటగా ఉంది. అడుగున గులకరాళ్ల రంగేమిటో కనిపెట్టాలంటే కేసు పెట్టాల్సిందే. అందులో ఐదు బంగారు చేపలు. పెద్దదానికి పదకొండేళ్లు, ఒక కన్ను లేదు.

మావగారు ముప్పయ్యేళ్లు రంపపు మిల్లులో పనిచేసి, ఊపిరితిత్తులు రెండూ రంపపు పొట్టుకి ధారపోసి ఇంటికొచ్చిన మనిషి. మంచం తొట్టికి ఎదురుగానే వేయించుకున్నారు. ఒక్క ఊపిరికి మూడు మాటలకు మించి రావు. అందుకని పొద్దున్నే తొట్టిలోకి చూసి, మాటల్లేకుండా కుడిచేయి పైకెత్తి ఐదు వేళ్లూ విప్పుతారు. కొడుకు వంటగదిలోంచే "అందరూ హాజరు!" అని అరుస్తాడు. అప్పుడుగానీ ఆ ఇంట్లో తెల్లవారినట్టు కాదు.

కోడలు పనిచేసేది ఆసుపత్రిలో, ఆపరేషన్ పనిముట్లను శుద్ధి చేసే గదిలో. తన చేతిలోంచి వెళ్లిన కత్తెర మీద క్రిమి కాదు కదా, దాని నీడ కూడా ఉండదని ఆమెకు గొప్ప. అటువంటి మనిషికి, ఊపిరాడని పెద్దాయన ముఖానికి బారెడు దూరంలో ఆ మురుగు చూస్తే నిద్రెలా పడుతుంది?

మావగారిని పరీక్షలకని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచినప్పుడు కొంగు బిగించింది.

"నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడే" అన్నాడు మొగుడు.

"ముట్టుకోనివ్వరు కాబట్టే అలా ఉంది. మీరు బకెట్లు మొయ్యండి, చాలు."

చేపల్ని బకెట్లోకి మార్చారు. తొట్టిని బ్లీచింగుతో తోమి పదిసార్లు కడిగారు. స్పాంజిని చెత్తబండిలో వేసి కొత్త ఫిల్టరు బిగించారు. గులకరాళ్లను కుక్కర్లో వేసి ఆరు విజిళ్లు రానిచ్చింది.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు మొగుడు మూత తీసి.

ఇద్దరూ నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు. ఒళ్లంతా తడి, చేతులంతా బ్లీచింగు వాసన. పెళ్లయ్యాక అంత సంతోషంగా గడిచిన రోజు అదేనని ఆ సాయంత్రం ఆమె అనుకుంది. 

మర్నాడు మావగారు ఇంటికొచ్చారు. తొట్టి తళతళలాడుతోంది. అద్దం ఉందో లేదో తెలియనంత శుభ్రం. కోడలు పక్కన నిలబడి, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా మునివేళ్ల మీద ఊగుతోంది.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

ఆయన తొట్టిని చూశారు. కొత్త ఫిల్టరును చూశారు. తర్వాత కోడలి ముఖం చాలాసేపు చూశారు.

"బావుందమ్మా" అన్నారు.

మర్నాటికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి, మొప్పలు ఎర్రగా కమిలి. ఎదురుగా మంచం మీద మావగారి ఛాతీ కూడా అలాగే ఎగిరెగిరి పడుతోంది. సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి తోక పొడుగాటిది వెల్లకిలా తేలింది.

మర్నాటి పొద్దున చేయి లేచింది. బొటనవేలు ముడుచుకుని ఉంది. వంటగదిలోంచి ఏ కేకా రాలేదు.

కోడలికి తెలిసిన శత్రువు ఒక్కటే, క్రిమి. ఇంకా ఎక్కడో మిగిలిపోయిందనుకుంది. సెలవు పెట్టి నీళ్లన్నీ తోడేసింది. కొత్త ఫిల్టరును కూడా వేడినీళ్లతో కడిగింది. తొట్టి నిండా కుళాయి నీళ్లు పట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆమెకు ఆనాటికి తెలియదు. సాయంత్రానికి ఇంకో రెండు పోయాయి.

ఆమె మళ్లీ బకెట్టు అందుకుంది. అప్పుడు మావగారి చేయి ఆమె మణికట్టు పట్టుకుంది. బలం లేని చేయి, అయినా వదల్లేదు.

"ఆపు" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "ఆ మురికిలోనే... ఉంటాయి." మళ్లీ ఊపిరి. "చేపల రొచ్చుని... తినేవి. కంటికి కనపడవు."

ఆమె బకెట్టు కింద పెట్టేసింది. కాలేజీలో చదివింది ఒక్కసారిగా తట్టింది. మేలు చేసే క్రిములు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. తాను ఆరు విజిళ్లు రానిచ్చి ఉడకబెట్టింది వాటినే. ఆ నల్ల స్పాంజిలో జిగటగా తగిలినవీ అవే. అవి లేకపోతే చేపల రొచ్చే వాటికి విషం.

"మీకు ముందే తెలుసా? వచ్చిన రోజే తెలుసా?"

ఆయన కళ్లు మూసుకున్నారు.

"మరెందుకు చెప్పలేదు మావయ్యగారూ?"

"నువ్వు... అంత సంతోషంగా... నుంచున్నావు." కళ్లు తెరిచి తొట్టి వైపు చూశారు. "బతుకుతాయేమో... అనుకున్నా."

తిట్టినా బావుండేదనిపించింది ఆమెకు.

"సెలూన్లో ఉంది" అన్నారు ఆయన. "మన స్పాంజి... సగం."

వీధి చివరి సెలూన్ ఆయన్ని అందరూ కత్తెర బాబాయి అంటారు. ఆయన కొట్లో అద్దాల కింద ఒక తొట్టి ఉంది. పెళ్లైన కొత్తలో ఆ దారిన వెళుతూ "ఇందులో చేపలున్నాయా, బురదుందా?" అని ఆమె మొగుడితో అంటే, లోపలి నుంచి ఆయన విన్నాడు కూడా.

"రా కోడలుపిల్లా. బురద చూడ్డానికొచ్చావా?"

"బురద అడుక్కోడానికొచ్చాను బాబాయ్."

ఆమె చెప్పింది వినగానే బాబాయి ముఖంలో నవ్వు పోయింది. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి, మోచేతి దాకా తొట్టిలో చేయి పెట్టాడు.

"నేను తొట్టి పెట్టినప్పుడు మీ మావయ్య తన స్పాంజి సగం కోసి ఇచ్చాడమ్మా. పెరుగుకి తోడు లాంటిదిరా, దాచుకో అన్నాడు. అప్పుడాయనకి ఇంత ఊపిరుండేది, గంట మాట్లాడాడు." స్పాంజిని ఆమె తెచ్చిన డబ్బాలో పెట్టాడు. "మొత్తం పట్టుకుపో. నాకు రాళ్లకి పట్టింది చాల్లే. కుళాయి నీళ్లు తగలనీకు, తల్లీ, క్లోరిన్‌కి ఆ క్రిములు చస్తాయి. పరిగెత్తు."

ఆమె పరిగెత్తింది. గ్లవ్స్ లేకుండా మురికిని ముట్టి ఎరగని చేతులతో, ఆ నల్లటి స్పాంజిని తళతళలాడే తొట్టిలో పిండింది. గోధుమరంగు నీళ్లు పొగలా పాకాయి. పిండిన స్పాంజిని ఫిల్టరులో కుక్కింది.

పొద్దునకి ఒంటికన్నుది ఒక్కటే మిగిలింది. అడుగున, మూలన, కదలకుండా.

ఆ రోజు మావగారి చేయి లేవలేదు. "మంచం... గోడవైపు" అన్నారు కొడుకుతో. తిప్పారు. ఆ తర్వాత ఆయన అన్నం రెండు ముద్దలకు దిగింది. మాట మూడు నుంచి ఒకటికి వచ్చింది. డాక్టరు యంత్రం మీద అంకె పెంచమన్నాడు. లిఫ్టు జోకు ఎవరూ వేయలేదు. గ్లాసులో రెండు బ్రష్షులూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి.

ఆమె తొట్టిని తోమడం మానేసింది. రోజుకి రెండు మగ్గుల నీళ్లు తీసి, అంతకు ముందురోజు పట్టి నిలవుంచిన నీళ్లు రెండు మగ్గులు పోసేది. రోజు విడిచి రోజు చిటికెడు మేత. మిగతా సమయమంతా చేతులు కట్టుకుని ఉండటమే. పన్లన్నిటిలోకీ అదే కష్టమని తేలింది.

పద్నాలుగో రోజు పొద్దున మేత వేయబోయి ఆగింది. వెనక అద్దం అడుగున, గోరంత మేర, పచ్చగా ఏదో ఉంది. ఆసుపత్రిలో అలాంటిది కనబడితే ట్రే మొత్తం వెనక్కి పంపే మనిషి, మోకాళ్ల మీద కూర్చుని ముక్కు అద్దానికి ఆనించి చూసింది. ఒంటికన్నుది నెమ్మదిగా వచ్చి ఆ పచ్చదనాన్ని మూతితో ఒకసారి పొడిచింది.

"మావయ్యగారూ! పాచి పట్టిందండీ!"

అనేసి చప్పున నోరు మూసుకుంది. మళ్లీ అదే సంతోషం, అదే గొంతు. ఆ గొంతు కోసమే నాలుగు చచ్చాయి.

గోడవైపు నుంచి మాట వచ్చింది.

"ఎక్కడ?"

"వెనకద్దం మీద. కింద."

"తిప్పు."

మొగుడు అప్పటికే పనిలోకి వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే గొట్టాన్ని జాగ్రత్తగా పట్టుకుని, భుజం ఆనించి మంచాన్ని జానెడు జానెడు తిప్పింది. మావగారు ఆమె వైపు చూడలేదు. తొట్టిలోకి చూశారు. చేయి దుప్పటి మీంచి లేచింది. పాత అలవాటున ఐదు వేళ్లూ విప్పుకునే లేచింది.

అందులో నాలుగు వేళ్లు ముడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.