రక్తం తీసేదాకా

మా బావగారు అప్పాజీకి రొయ్యల చెరువుల్లో ఒక్కటే విద్య తెలుసు. రొయ్య నీరసంగా గట్టుకు చేరిందంటే చాలు, నీళ్లు ల్యాబ్‌కి పంపకుండానే మందు గుమ్మరించేస్తారు. తమ్ముడి ఒంటికీ అదే వైద్యం చేశారు.

మా ఆయన గంగాధర్‌కు సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. బావగారు భీమవరం దగ్గర మా చెరువు గట్టుకే ఆర్‌ఎంపీని రప్పించి యాంటీబయాటిక్ సూది వేయించేవారు. జ్వరం తగ్గేది, మళ్లీ వచ్చేది. మనిషి చిక్కి సగమయ్యారు. ఒళ్లు మండి నేనే రాజమండ్రి తీసుకొచ్చాను. వద్దన్నా బావగారు వెంటపడి వచ్చారు.

డాక్టరు ఉషారాణి గారు గుండె చప్పుడులో తేడా విని, గోళ్ల కింద ఎర్రటి గీతలు చూసి, రక్తపరీక్ష, ఎకో చేయించారు.

"గుండె కవాటం మీద ఇన్ఫెక్షన్ గూడు కట్టిందండి. కానీ రక్తంలో ఏ క్రిమీ దొరకలేదు. ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

"లేదండి," అన్నారు బావగారు తడుముకోకుండా.

"అబద్ధమండి. జ్వరం వచ్చినప్పుడల్లా వేయించారు," అన్నాను. ఆయన నన్ను కొరికేసేలా చూశారు.

"అందుకే దొరకలేదు. ఆ సూదులకు క్రిమి చావదు, పరీక్షకు దొరక్కుండా అణిగి ఉంటుంది. ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు పడుతుంది. లేకపోతే కవాటం పాడైపోవచ్చు, ప్రాణానికే ముప్పు. ఇప్పటికి నిలకడగానే ఉన్నారు కాబట్టి, మా కళ్లముందే ఉంచుకుని కొన్నాళ్లు యాంటీబయాటిక్ ఆపి మళ్లీ రక్తం తీస్తాం. జ్వరం వస్తుంది, కంగారుపడకండి."

జ్వరం వచ్చింది. మంచం ఊగేలా వణికారు. రక్తం తీయించడానికి నర్సు కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి, బావగారు ఊరినుంచి గుట్టుగా రప్పించిన మా ఆర్‌ఎంపీ అక్కడ సిరంజిలోకి మందు లాగుతున్నాడు. బావగారు తమ్ముడి చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నారు.

"రక్తం తీసేదాకా ఆగండి!"

"తమ్ముడు కాలిపోతుంటే చూస్తా కూర్చోమంటావేంటి సూర్యకళా? తప్పుకో!"

"చెరువు పోతే మళ్లీ రొయ్యపిల్లల సీడు తెచ్చి వేసుకుంటారు. ఈయన్ని ఎక్కణ్ణించి తెస్తారండి?"

సిరంజి లాక్కుని నేలకేసి కొట్టాను. ఆర్‌ఎంపీ మెట్లవైపు జారుకున్నాడు. నర్సు వచ్చి రక్తం తీసింది.

ఈసారి క్రిమి దొరికింది. దానికి తగిన మందు ఎక్కించడం మొదలుపెట్టారు. బావగారు మంచం పక్కనే నిలబడి ఫోన్‌లో ఊరందరికీ చెప్పడం మొదలుపెట్టారు. "నేను దగ్గరుండి పట్టుబట్టబట్టే జబ్బేంటో తెలిసిందండి!" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ అన్న మాటకు ఎదురు చెప్పని మా ఆయన కళ్లు తెరిచారు.

"నువ్వు ఇంటికెళ్లిపో అన్నయ్యా. నాకు సూర్యకళ ఉంది."