మొగిలిగడ్డ మీద నావ

పసుపు కుప్పలోకి చెయ్యి పోగానే ఏది కొమ్మో ఏది మండో గంగమణి వేళ్ళకు తెలిసిపోతుంది. పొడుగాటి కొమ్ములు కుడిపక్కకు, గుండ్రటి మండలు ఎడమపక్కకు, పుచ్చులు ఒళ్ళోకి. ఆర్మూర్ మార్కెట్ యార్డు వెనక రేకుల షెడ్డులో పసుపు ఏరే ఆడవాళ్ళందరికీ చేతులతో పాటు నోరూ ఆడుతుంది. గంగమణికి మాత్రం చేతులే. ముక్కు మీదుగా కట్టుకున్న తువ్వాలా, దాని పైన దుమ్ముకు ఎర్రబారిన కళ్ళూ తప్ప ఆమె ముఖం పూర్తిగా చూసినవాళ్ళు ఆ షెడ్డులో తక్కువ. కనుబొమ్మల మీద పసుపు, గోళ్ళ సందున పసుపు, మడమల పగుళ్ళలో పసుపు. సీజన్ నాలుగు నెలలూ ఆ ఊళ్ళో కూలివాళ్ళంతా పచ్చగానే ఉంటారనుకోండి, కానీ తక్కినవాళ్ళకు వానలు పడితే వదులుతుంది. ఈమెకు వదలదు.

పెనిమిటి భీమ్‌గల్‌లో వేరొకామెతో ఇల్లు పెట్టుకుని చాలా ఏళ్ళయింది. అడిగేందుకు వెళ్ళలేదు, అరిచేందుకూ వెళ్ళలేదు. మెడలో పుస్తె ఉంచుకుంది, పనిలోకి వచ్చింది. అంతే ఆమె కథ. చెప్పమంటే ఆమె కూడా అంతకన్నా చెప్పదు.

తల ఎత్తకుండానే గుమాస్తా గంగాకిషన్‌ను పిలిచింది. "అన్నా, పగటి బువ్వ యాళ్ళకు పోత. రేపు జల్ది వస్త."

"సీజన్ల గిట్ల పోతే ఎట్లనే? యాడికి?"

"అవ్వను పోచంపాడ్ తోల్కపోతున్న. నావల తిప్పుకొస్త."

షెడ్డు గొల్లుమంది. "నావల షికారా!" అంది పక్కన కూర్చున్న చిన్నక్క. "అవ్వబిడ్డలు మస్తున్నరు పోండి. నల్లకండ్లద్దాలు గూడ పెట్టుకోండ్రి ఇద్దరు."

గంగమణి కూడా నవ్వింది. నవ్వెయ్యడమే సులువు, చెప్పడం మొదలుపెడితే పని ఆగిపోతుంది. "ఐదు కొమ్ములు తీస్కపోత అన్నా," అంది. గంగాకిషన్ తీసుకొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పుచ్చు లేనివి, విరగనివి చూసి ఐదు కొమ్ములు కొంగున ముడేసుకుంది. షికారుకు పసుపు కొమ్ములెందుకని చిన్నక్క అడిగింది గానీ జవాబు కోసం ఆగలేదు.

తల్లి నీలవ్వ పుట్టిల్లు మొగిలిగడ్డ. గోదారి ఒడ్డున ఉండేది. పోచంపాడ్ దగ్గర ఆనకట్ట కట్టాక మునిగిన ఊళ్ళలో అదొకటి. ఊరు మునగబోయే ఎండాకాలంలో, ఇదే ఆఖరని నీలవ్వను అన్న ఒడిబియ్యానికి పిలిచాడు. ఆడబిడ్డ పుట్టింటికి వస్తే అన్నావదినలు కొంగు నిండా బియ్యం పోసి, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ పెట్టి పంపుతారు. ఆ నిండు ఒడితో గడప దాటేముందు ఆడబిడ్డ ఐదు పిడికిళ్ళ బియ్యం ఆ ఇంట్లోనే తిరిగి పోసి రావాలి. పుట్టిల్లు ఖాళీ కాకూడదని వాళ్ళలో ఆచారం. ఆ రోజు సగం ఊరు వాసాలూ తలుపులూ ఊడదీసి లారీలకెత్తుకుంటోంది. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వదిన ఒకపక్క ఏడుస్తోంది, అన్న ఒకపక్క తొందర పెడుతున్నాడు. నీలవ్వ నిండు ఒడితో గడప దాటేసింది. లారీ ఊరు దాటాక గాని పిడికిళ్ళు గుర్తు రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు పోయొచ్చులే అనుకుంది. మళ్ళీ రావడానికి ఊరెక్కడిది?

కొత్త కాలనీలో అన్న రెండేళ్ళు కూడా బతకలేదు. వెనకాలే వదినా పోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. తర్వాత నీలవ్వ మొగుడు పోయాడు, అల్లుడు కూతుర్ని వదిలేశాడు. వీటన్నిటికీ నీలవ్వకు కారణం ఒకటే కనిపించింది. "ఇల్లు ఊడ్సుకొచ్చిన ఆడబిడ్డను నేను," అనేది. "ఊరు ముంచింది సర్కారు, నువ్వు గాదే అవ్వా," అని గంగమణి ఎన్నిసార్లు చెప్పిందో. విన్నట్టే తల ఊపేది, మళ్ళీ మొదలు పెట్టేది.

ఈ చలికాలం నుంచి ఇంకో కొత్త బాధ పట్టుకుంది. పొద్దు వాలుతుండగా నీలవ్వ నేల మీద ఒత్తిగిలి పడుకుని చెవి ఆనించి వింటుంది. "మునిగిన ఇంట్ల మా వదిన ఇసుర్తంది బిడ్డా. గంత పెద్ద ఇసుర్రాయి, ఒక్కతే ఇసుర్తంది," అంటుంది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఆ తిరగలి రాయి వదినామరదళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిప్పినదే. గంగమణికి మొదట్లో కోపం వచ్చేది. తర్వాత భయం వేసింది. పొయ్యి దగ్గర కూర్చుని తనూ చెవులు రిక్కిస్తోందని ఒక సాయంత్రం గమనించుకుని లేచి గిన్నెలన్నీ గలగలా తోమింది.

నావ ఎక్కి ఆ ఊరి మీది నీళ్ళలోనైనా ఆ ఐదు పిడికిళ్ళూ పోసి వస్తానని నీలవ్వ పట్టుబట్టింది. ఆమె గుండె బలహీనంగా ఉందనీ, ప్రయాణాలు వద్దనీ దవాఖానలో డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ గంగమణికి నిద్ర లేదు. తీసుకెళితే దారిలో ఏమవుతుందో. తీసుకెళ్ళకపోతే ఆ ఐదు పిడికిళ్ళు గుండె మీద పెట్టుకునే తల్లి పోతుంది. ఆ తర్వాత ఆ నేలకు చెవి ఆనించేది తనే అవుతుందని ఆమెకు గట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పుకోలేని మాట అది.

ఆ పగలు గంగమణి ఇల్లు చేరేసరికి నీలవ్వ తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డ మూట. బస్సులో ఆ మూట కూతురి చేతికి ఇవ్వనేలేదు. "బరువైతందే, ఇటియ్యి," అంటే, "నీకెందుకే, బుద్ధిగ కూసో," అంది. కిటికీ లోంచి మొక్కజొన్న చేలనూ పసుపు ఉడికే కడాయిల పొగనూ పెళ్ళికి పోతున్నదానిలా చూసింది. బస్సు దిగి నాలుగడుగులు వేసి ఆగింది, మళ్ళీ నాలుగడుగులు వేసింది. ఆగినప్పుడల్లా గంగమణి ఊపిరి కూడా ఆగింది.

చేపలు పట్టే ఎర్రన్న ఒడ్డున నావతో సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళావిడ ఆర్మూర్ అంగట్లో చేపలమ్ముతుంది, ఆమె మాట మీద ఒప్పుకున్నాడు. ఇంజన్ బిగించిన చిన్న నావ. గోనెపట్టా పరిచి నీలవ్వను ఎత్తి కూర్చోబెట్టాడు. మొగిలిగడ్డ అనగానే అతని ముఖం మారింది.

"గాడ మేం వలెయ్యం అవ్వా. గోడలకు తట్టి చినుగుతయ్."

"గోడలు ఇంక నిలబడ్డయా బిడ్డా?" నీలవ్వ ముఖం వెలిగింది.

ఎర్రన్న ఇంజన్ తిప్పాడు. వలలు చిరగడం ఒక్కటే కారణమయితే అతను అటువైపు చూడకుండా ఎందుకు నడుపుతున్నాడో గంగమణికి అర్థం కాలేదు.

ఎటు చూసినా నీళ్ళే. గంగమణి అంత నీటిని ఎన్నడూ చూడలేదు. ఆమెకు తెలిసిన నీళ్ళు బోరింగువి, బిందె పట్టేంత. కొంగు బిగించి నావ అంచు పట్టుకుంది. నీలవ్వకు మాత్రం భయం లేదు. దూరంగా ఉన్న గుట్ట మీద చూపు పెట్టి, "జర ఎడమకు. గీ గుట్ట గా గుట్ట ఎనకకు పోవాలె. ఇంక. ఇంక జర," అని చెబుతూ పోయింది. చిన్నప్పుడు పశువులు తోలుకుని ఆ గుట్టలు చూసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి. ఒక గుట్ట ఇంకో గుట్ట చాటుకు వెళ్ళగానే, "ఆపు!" అంది. "గిదే. గీడనే మా వాకిలి."

ఇంజన్ ఆగింది. గాలి లేదు. పిట్ట లేదు. అలలు నావకు కొట్టే చప్పుడు కూడా తగ్గిపోయింది. నీలవ్వ అంచు మీదికి వంగి నీళ్ళకు చెవి పెట్టింది. గంగమణి ఆమె నడుం పట్టుకుంది.

"ఇంటున్నవా?"

గంగమణి విన్నది. అడుగునెక్కడో రాయి మీద రాయి బరువుగా ఒరుసుకుంటున్న చప్పుడు. కొంచెం దూరం తిరుగుతుంది, అలిసిపోయినట్టు ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఎర్రన్న వైపు చూసింది. అతను తల వంచుకుని ఇంజన్ తాడు చుట్టుకుంటున్నాడు. అడగవద్దన్నట్టుగా ఉన్నాయి అతని భుజాలు.

"ఏం లేదే అవ్వా," అంది గంగమణి.

నీలవ్వ నవ్వింది. మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం, రెండు కుడుకలు, ఒక ఎర్ర రవికె గుడ్డ. ఐదు పిడికిళ్ళకు ఇన్ని బియ్యమెందుకు, రవికె గుడ్డెందుకు?

"కొమ్ములు తెచ్చినవా? గిండ్ల ఎయ్యి. ఒడి పట్టు."

"నాకెందుకే? నీళ్ళల్ల పోస్తనన్నవు గద."

"ఒడి పట్టు బిడ్డా."

తండ్రి పోయాక గంగమణికి ఒడిబియ్యం పోసినవాళ్ళు లేరు. అన్నదమ్ములు లేరు. మొగుడు పోయిన ఆడదాని చేతులతో పోయకూడదని నీలవ్వ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. షెడ్డులో ఎవరైనా ఒడిబియ్యం చీర కట్టుకొస్తే గంగమణి ఆ రోజు కుప్ప మీదికి ఇంకాస్త వంగి ఏరేది. తల్లి ఇదంతా చూస్తోందని ఆమె అనుకోలేదు.

"నీ చేతులతోని పొయ్యద్దంటరు గద," అంది.

"గీడ నేను ముండదాన్ని గాదు. మా అన్నకు చెల్లెను. మా వదిన చేతులనుకో గివి." నీలవ్వ దోసిళ్ళతో బియ్యం పోసింది. కుడుకలు పెట్టింది, రవికె గుడ్డ పైన పరిచింది. పసుపు చేతులతోనే పుట్టినట్టున్న గంగమణి నుదుట పసుపు రాసింది. "ఇగ మా ఇంటికి పిడికిళ్ళు తిరిగి పొయ్యి. నాయి ఐదు, నీయి ఐదు. నేను మరిచినట్ల మరవకు."

గంగమణి పిడికిలి వెంట పిడికిలి నీళ్ళలోకి వదిలింది. ఏడుస్తూనే వదిలింది. పచ్చటి గింజలు కాసేపు వెలుగులో తేలి, ఒక్కొక్కటే కిందికి దిగి కనపడకుండా పోయాయి. ఆఖరి పిడికిలి దిగుతుండగా చప్పుడు ఆగింది.

"తీస్కున్నరు," అంది నీలవ్వ. పెద్దగా ఊపిరి విడిచి, ఎర్రన్న వైపు చెయ్యి చాపింది. "ఒక బీడియ్యి కొడుకా."

గంగమణి నోరు తెరిచింది. తల్లి బీడీ తాగుతుందని ఆమెకు తెలియదు.

"గీ ఊర్ల ఉన్నప్పుడు తాగేటిదాన్ని. మా వదినా నేనూ, దొడ్లె కూసోని. అత్తగారింటికి పోయినంక మానేసిన." పొగ వదులుతూ కొంటెగా చూసింది. ఆ చూపులో గంగమణి పుట్టకముందటి ఆడపిల్ల ఎవరో ఉంది. సగం తాగి, జాగ్రత్తగా ఆర్పి పక్కన పెట్టింది. "మిగిలింది ఒడ్డుకు పోయినంక తాగుత."

నావ తిరిగింది. పొద్దు గుట్టల మీదికి వంగింది. నీలవ్వ కూతురి భుజం మీద తల వాల్చింది. "జర అలసిపోయిన," అంది, అంతే. కొంతసేపటికి ఆ తల బరువు మారింది. పసుపు బస్తాలు ఎత్తి దించిన భుజం కదా, బరువు సంగతి దానికి తెలుసు. గంగమణి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, చెయ్యి మెల్లగా తీసేసింది.

ఎర్రన్నకు చెప్పలేదు. చెబితే తొందర పడతాడు. ఒడి నిండా బియ్యం, భుజం మీద తల్లి. నిండు ఒడి ఇల్లు చేరేదాకా విప్పకూడదు గనక ఆమె ఏడ్చేందుకు కూడా కదలలేదు. అప్పుడే, ఇంజన్ మోత కింది నుంచి మళ్ళీ వినిపించింది. ఈసారి రాయి ఆగడం లేదు. అలుపు లేకుండా, తేలిగ్గా, ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని తిప్పినట్టు తిరుగుతోంది.

"నన్నిడిసి గంత జల్దినా అవ్వా?" అంది గంగమణి నీళ్ళ వైపు చూసి.

ఒడ్డున చెప్పక తప్పలేదు. ఎర్రన్న నెత్తి కొట్టుకున్నాడు. పరుగెత్తి నలుగుర్ని పిలుచుకొచ్చాడు. వాళ్ళు నీలవ్వను గోనెపట్టాతో సహా ఎత్తుకుని గట్టు ఎక్కారు. గంగమణి రెండు చేతులా ఒడి పట్టుకుని వాళ్ళ వెనక నడిచింది. గట్టు మీదికి చేరాక ఒక్కసారి వెనక్కి చూసింది.

ఖాళీ నావ చెక్క మీద, నల్లటి కొస నీళ్ళ వైపు తిరిగి, సగం బీడీ ఉంది.