నూనె పోసిన చెయ్యి

మెదక్‌లో సొంత మోటారుసైకిల్ ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో రజాక్ మిస్త్రీ దుకాణం మెట్లెక్కనివాడు ఒక్కడూ లేడు. అది అరవై ఆరో సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న, ఇంగ్లండులో తయారైన పాత సీమ బళ్లు ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే అది రజాక్ చేతి చలవేనని ఊరంతా అనేది. రజాక్ కూడా కాదనేవాడు కాదు. పొగడ్త ఎవరికి చేదు?

మదన్ మోహన్ తన బండి తెచ్చినప్పుడు ఇంజన్ అడుగు నుంచి తిరగలి విసిరినట్టు గుర్రుమని చప్పుడు వస్తోంది. పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటి మనిషి ఆయన. రజాక్ స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు.

"మెయిన్ బేరింగులు అరిగిపోయినయ్ పటేలా. రెండూ మార్చాలె."

"పట్నం రెండుసార్లు పోయొచ్చిన రజాక్ భాయ్. గీ మాడల్ సామాను సీమ నుంచి వచ్చుడే బందయిందట." మదన్ మోహన్ కళ్లు షెడ్డు మూలన గోనెపట్టా కప్పిన బండి మీద పడ్డాయి. "మీ తమ్మునిది గూడ గిసొంటి బండే గద?"

రజాక్ చూపు తిప్పుకుని పానాలు సర్దసాగాడు. ఆ పట్టాను ఎనిమిదేళ్లుగా ఎవరూ తియ్యలేదు.

తమ్ముడు అబ్దుల్‌ది పెట్రోమాక్స్ లైట్లు కిరాయికిచ్చే పని. ఎనిమిదేళ్ల కింద శివరాత్రికి ఏడుపాయల జాతరకు లైట్ల సామాను కట్టుకుని పొద్దున్నే బయలుదేరాడు. దారిలో ఇంజన్ బిగుసుకుపోయి వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోయింది. కల్వర్టు రాళ్ల మీద పడ్డ మనిషి మళ్లీ లేవలేదు. రజాక్ పరుగెత్తుకెళ్లి చూస్తే, పక్కకు ఒరిగిన బండిలో, ఇంజన్ మాడకుండా పోసే నూనె ట్యాంకు ఖాళీగా ఉంది. రోజూ పొద్దున ఆ ట్యాంకులో నూనె పోసేది అబ్దుల్ భార్య షాజహాన్ బీ, రజాక్ దుల్హన్ అని పిలిచే మరదలు.

"దుల్హన్ నూనె పొయ్యలే. గందుకే నా తమ్ముడు పోయిండు." శవం ఇంటికి చేరకముందే, దుకాణం ముందు అందరి ఎదుటా రజాక్ నోటి నుంచి వచ్చిన మాట అది. పోశానని షాజహాన్ బీ ఖురాన్ మీద ఒట్టేసింది. పని తెలిసిన రజాక్ అబద్ధమెందుకు చెబుతాడని ఊరు నమ్మింది. అత్తగారు నూరున్నీసా మూడేళ్ల కింద కన్నుమూసేదాకా ఆ కోడలి చేతి మంచినీళ్లు ముట్టలేదు. నా కొడుకు బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దని కూడా ఆమే చెప్పింది. ఆమె పోయినా ఆ మాట అట్లాగే నిలబడింది.

ఆ బండి బేరింగులు ఇమ్మని మదన్ మోహన్ వారం రోజులు వదలకుండా తిరిగాడు. ఎనిమిదో రోజు రజాక్ పట్టా తీశాడు.

బిగుసుకుపోయిన ఇంజన్‌ను కింద పెట్టి విప్పాడు. నూనె లేక మాడిన ఇంజన్ లోపల పొడిగా ఉండాలి. ఇందులో అడుగంతా గడ్డకట్టిన నల్లటి జిగురు! నూనె నిండుగా ఉన్న ఇంజన్‌లోనే అంత జిగురు మిగులుతుంది.  ట్యాంకులోది బండి పడ్డాక మట్టిలోకి కారిపోయి ఉంటుంది. మరి నూనె ఉంటే మధ్యలోని పెద్ద బేరింగ్ ఎందుకు మాడింది?

ఆ పెద్ద బేరింగ్ కూర్చునే పిన్నుకు పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. ఫ్లైవీల్ అనే బరువు చక్రానికి ఉన్న బెజ్జానికి అది సరిగ్గా ఎదురుగా రావాలి. ఆ దారినే నూనె లోపలికి పోతుంది. ఫ్లైవీల్ బెజ్జంలో కిరోసిన్ పోసి నోటితో ఊదాడు. చుక్క కదల్లేదు. సుత్తితో మెల్లగా కొట్టి పిన్ను ఊడదీశాడు. బెజ్జం ఓ పక్కకు తిరిగి ఉంది. దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఆ పిన్ను బిగించింది రజాకే. జాతరకు నాలుగు రోజుల ముందు ఇంజన్ విప్పి బాగుచేస్తూ, అబ్దుల్ తొందరపెడుతుంటే, బెజ్జం గుర్తు చూసుకోకుండా బిగించాడు.

పిన్నును గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు.  దాన్ని తీసుకెళ్లి మంజీర ఏట్లో పారేస్తే అడిగే దిక్కు లేదు. తన పేరు తనకుంటుంది. షాజహాన్ బీకి ఆ నింద ఎట్లాగూ అలవాటైపోయింది. ఈ ఆలోచన తనకే వచ్చిందని తెలిశాక రజాక్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం ఇంట్లో షాజహాన్ బీ ఎప్పటిలాగే కంచం పెట్టి పరదా వెనక్కి వెళ్లింది. రజాక్ అన్నం ముట్టలేదు.

"దుల్హన్, నువ్వు నూనె పోసినవ్. తప్పు నాది. పిన్ను నేనే ఎడ్డెం బిగించిన. నా తమ్ముణ్ని నేనే సంపుకున్న."

 ఏడుస్తుందనుకున్నాడు, శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మొదటి ఏడాది పోసిన పోసిన అనే అనుకున్న భాయ్‌సాబ్," అంది ఆమె పరదా వెనక నుంచి. "అందరు లేదు లేదంటుంటే నాకే అనుమానమొచ్చింది. ఇప్పుడు ఆ పొద్దు యాది చేసుకుంటే డబ్బ మూత గూడ తియ్యనట్టే కనవడ్తది. ఆయన్ను నేనే సంపిన అని నమాజ్‌ల రోజు మాఫీ అడుగుతున్న."

రజాక్ తల పట్టుకుని ఏడ్చాడు.

"ఇంట్ల చెప్తే ఏమొస్తది?" అంది షాజహాన్ బీ. " అమ్మీ లేదాయె ఇనేటందుకు. నన్ను యాడ అన్నరో ఆడనే చెప్పుండ్రి. నేనొచ్చి వింట."

మర్నాడు పొద్దున దుకాణం ముందు మదన్ మోహన్, పక్కన చాయ్ హోటల్ నర్సింహ, చాయ్ తాగడానికొచ్చిన మరో నలుగురు ఉన్నారు. షాజహాన్ బీ బురఖా వేసుకుని వచ్చి గోడవారన నిలబడింది. రజాక్ పిన్ను చేతిలో పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. తన పేరు ఈ రోజుతో సరి అనుకునే చెప్పాడు.

 నర్సింహ ముందుకొచ్చి రజాక్ భుజం మీద చెయ్యి వేశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"ఎంత మంచోనివి రజాక్ భాయ్. మరదలి మీది మాట పోగొట్టనీకి తప్పు నీ నెత్తినేసుకుంటున్నవ్."

"కాదు నర్సింహా! గీ బెజ్జం సూడు, ఎటు తిరిగిందో సూడు!"

"గివన్ని మాకేం తెలుస్తయ్?" మదన్ మోహన్ పిన్ను వైపు చూడను కూడా చూడలేదు. "నీ చెయ్యి తప్పుతదా ఎన్నడన్న? ఆడమనిషి, మర్చిపోయింది, అయిపాయె. ఇప్పుడెవ్వలమన్న ఆమెను అంటున్నమా? ఎప్పుడో మాఫ్ జేసినం."

రజాక్ అల్లా మీద ప్రమాణం చేశాడు. చచ్చిన తల్లి మీద ఒట్టేశాడు. ఆయన ఒట్టు వేసినకొద్దీ వాళ్ల కళ్లలో ఆయన మీద గౌరవం పెరిగింది. ఇట్లాంటి బావ దొరకడం ఆమె అదృష్టమని ఒకాయన పైకే అన్నాడు.

షాజహాన్ బీ గోడ దగ్గర నుంచి కదిలి రజాక్ ముందుకొచ్చింది.

"సాలు భాయ్‌సాబ్, ఇంక చెప్పకుండ్రి," అంది. "మీరు చెప్పినకొద్ది మీకే పేరొస్తున్నది." ఇంకెవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టింది.