దాహం నేర్పే మనిషి

చూపుడువేలిని రెండో కణుపుదాకా మట్టి సంచిలోకి దించి, పైకి తీసి, అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూసిందామె. పొడిపొడిగా రాలింది. ‘ఇంకో నాలుగు రోజులు’ అనుకుంటూ తర్వాతి వరుస మీదికి వంగింది.

ఎండలో వరుసలు వరుసలుగా మూడు వేల ఉప్పాకు మొక్కలున్నాయి. జానెడు ఎత్తు, బూడిద రంగు, ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర. నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. వాన మొహం చూడని నేలలో కూడా ఈ పొద బతుకుతుంది. గడ్డి మాడిపోయిన నెలల్లో గొర్రెలకూ మేకలకూ ఇదే మేత. కానీ నర్సరీ నీడలో రోజూ నీళ్ళు తాగుతూ పెరిగిన మొక్కను ఉన్నపళంగా తీసుకెళ్ళి అక్కడ పెడితే వారం తిరక్కుండా తల వాల్చేస్తుంది. అందుకే పంపే ముందు పది రోజులు ఎండలో పెట్టి నీళ్ళు ఆపేయాలి. మరీ వాడిపోతే ఒక్క గుక్క పోయాలి. ఆ గుక్క ఎప్పుడు పోయాలో కనిపెట్టడం ఆమె పని. భర్త పోయాక అతని చోట్లో కూలీగా చేరి ఇరవై రెండేళ్ళయింది. కూతురికి పెళ్ళి చేసి పంపింది ఈ పని మీదే. తోటివాళ్ళు ఆమెకు ‘పిసినారక్క’ అని పేరు పెట్టారు.

“మొక్కలకే నీళ్ళివ్వని మనిషి మనకేం టీ పోయిస్తుందే!” అంది పక్క మడిలో కలుపు తీస్తున్న ఆవిడ. పొద్దున్నించీ నోరు మూయదు కాబట్టి ఆవిణ్ణి అందరూ ‘రేడియో’ అంటారు.

“నీ నోటికి కూడా పది రోజులు నీళ్ళు ఆపేయాలే. ఎండితే బాగుపడుతుందేమో,” అంది ఆమె.

పైకి నవ్వింది గాని మనసంతా చివరి వరుసలోని మూడు వందల మొక్కల మీదే ఉంది. అవి ఆమె తమ్ముడివి. అతను గొర్రెలు కాస్తాడు. నిరుడు లారీ వచ్చేసిందని సూపర్‌వైజరు తొందరపెడితే, మొక్కల్ని ఎండబెట్టకుండానే ఎక్కించేశారు. ఆమె చూస్తూ ఊరుకుంది. ఇరవై రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. తమ్ముడు గొడవ పడలేదు. పడినా బాగుండేది. “నువ్వు పెంచిన మొక్కలు కదాని ఒక్కోదానికీ చుట్టూ రాళ్ళు పేర్చానక్కా,” అన్నాడంతే. ఎండాకాలంలో సగం మందను అమ్ముకున్నాడు. ఈసారీ మేత లేకపోతే మిగతా సగమూ పోతుంది. “ఈసారి నా చేత్తో ఎండబెట్టి ఇస్తాన్రా,” అని మాటిచ్చింది. ఇవాళ ఆరో రోజు.

తొమ్మిదింటికి సూపర్‌వైజరు వచ్చాడు.

“ఏంటమ్మా ఇది? రేపు పెద్ద సారు వస్తున్నారు. మొక్కలన్నీ బూడిదలో దొర్లి లేచినట్టున్నాయి!”

“వీటి రంగే అదండీ.”

“నీళ్ళు పెట్టు, అదే పచ్చబడుతుంది.”

“ఆరో రోజు సార్. ఇప్పుడు తడిపితే మళ్ళీ మెత్తబడిపోతాయి. నాలుగు రోజులాగండి.”

“నీళ్ళు పోస్తే మొక్క పాడవుతుందనే మనిషిని నిన్నే చూశానమ్మా. ఈ మాట బయటెక్కడా అనకు, నవ్విపోతారు.”

బయటిదాకా ఎందుకు, రేడియో అప్పుడే కిసుక్కుమంది.  ఆమెకెప్పుడూ చెప్పాల్సిన జవాబులన్నీ సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కునేటప్పుడు ఒకటొకటిగా వస్తాయి.

సూపర్‌వైజరే వెళ్ళి పంపు తిప్పాడు. గొట్టం బుస్సుమని ఉబ్బింది. ఏమనుకుందో ఏమో, ఆమె గొట్టం మీద కాలేసి గట్టిగా తొక్కింది. నీళ్ళు ఆగిపోయాయి.

“కాలు తియ్యమ్మా,” అన్నాడతను, చిన్నపిల్లకు చెప్పినట్టు.

తీసింది. తీసినందుకే ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

మధ్యాహ్నానికి ఆకుల మీది తెల్లటి పొర కొట్టుకుపోయింది. మొక్కలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. సూపర్‌వైజరు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు.

మూడింటికి తమ్ముడు ట్రాక్టరుతో దిగాడు.

“అక్కా, నిన్న మా వైపు వాన పడింది! నేల పదును మీదుంది. నాలుగు రోజులు ముందైనా పర్లేదు కదా, ఇచ్చేయ్,” అంటూనే సంచి పట్టుకున్నాడు. వేళ్ళకు బురద అంటుకుంది. ఆకుల వంక చూశాడు, తర్వాత అక్క వంక చూశాడు. “మళ్ళీ అంతేనా?”

పొద్దుటి తడి పడకపోతే, ఈ పదును నేలలో ఆరు రోజుల ఎండకే ఇవి నిలదొక్కుకునేవి. ఆ సంగతి చెప్పుకుని ఇప్పుడేం లాభం?

“మళ్ళీ మొదట్నించీ ఎండబెట్టాల్రా. పది రోజులు.”

“పది రోజులకు నేల మళ్ళీ రాయైపోతుందక్కా. పోనీలే. గొర్రెలకు బేరం వచ్చింది, ఇచ్చేస్తాలే.” అతను ట్రాక్టరు వైపు తిరిగాడు. కోపంగా తిరిగినా ఆమె ఓర్చుకునేది.

“ఆగరా. ఎక్కించు.”

“చచ్చేవాటిని మొయ్యడం ఎందుకక్కా?”

“సగం ఆకు గిల్లేసి, దాహం తగ్గించి ఇవాళే నాటుదాం. మొక్కకో గ్లాసు నీళ్ళు, అదీ వేరు దగ్గర. ఏ రోజు పోయాలో, ఏ రోజు మానాలో అక్కడే ఉండి నేను చూస్తా.”

“ఎన్నాళ్ళుంటావ్?”

“ఎండాకాలం దాటేదాకా.”

ఇద్దరూ కలిసి మూడు వందల సంచులూ ఎక్కించారు. ఆమె చేతులు కడుక్కుని సూపర్‌వైజరు గదికి వెళ్ళింది. అతను ఫోటోలు ఎవరికో పంపుతున్నాడు.

“రేపట్నించి రాను సార్.”

“రేపే పెద్ద సారు వచ్చేది! సరే, ఎల్లుండి రా.”

“ఎల్లుండీ రాను.”

“ఊరికే అలగకమ్మా,” అన్నాడు తలెత్తకుండా.

ఆమె వచ్చి ట్రాక్టరెక్కింది. అనాల్సినవి తర్వాత గుర్తొస్తాయని తెలుసు. రేడియో కలుపు వదిలేసి, చేతిలో మట్టితో లేచి నిలబడింది.  ట్రాక్టరు గేటు దాటి మలుపు తిరిగింది.

వచ్చే నెల మడికని ఆమె పొద్దున మూటగట్టి నానేసిన విత్తనాలు నీళ్ళ తొట్టి పక్క బకెట్లోనే ఉండిపోయాయి. వాటిలోని ఉప్పు దిగితేగాని మొలక రాదు కాబట్టి, సాయంత్రానికి ఒకసారి నీళ్ళు మార్చాలి, ఆ పని ఎప్పుడూ ఆమెదే. పొద్దు వాలింది. ఆమె పాత చీర చెంగుతో కట్టిన ఆ మూట, పసుపెక్కుతున్న నీళ్ళలో బకెట్టు అడుగున మునిగే ఉంది.