బతికున్నవాడికి రాసిన చావు

సోమందేపల్లె దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో గంగాదేవి వేరుశనగ చిక్కీలు చేయిస్తుంది. ఊళ్లోని ఆడవాళ్లు కొందరు ఆమె దగ్గర పనికొస్తారు. భర్త మద్దిలేటి బోరు ఎండిపోయాక సేద్యం వదిలేసి ఆటో కొనుక్కున్నాడు. చిక్కీ పెట్టెలను పెనుకొండ, హిందూపురం అంగళ్లకు చేర్చేది అతనే.

ఒక మధ్యాహ్నం అనంతపురం నుంచి పార్సిల్ వచ్చింది. విష్ణువర్ధన్ రాసిన పుస్తకం. కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు ఆయన అనంతపురంలో క్లాసులు చెబుతాడు. ధర కట్టడం, ప్యాకెట్టు మీద తేదీ వెయ్యడం గంగాదేవి ఆ క్లాసుల్లోనే నేర్చుకుంది. పోయిన ఎండాకాలం ఆయనే షెడ్డుకు వచ్చాడు. చాప మీద కూర్చుని అందరితో మాట్లాడి, మీ గురించి రాస్తానని చెప్పి పోయాడు.

"చదువు పాపా, మనల్ని ఏమని రాసినాడో," అంది తిప్పమ్మ, బాండలిలో బెల్లంపాకం తిప్పుతూ. షెడ్డులో అందరికంటే పెద్దది ఆమే.

మూడో అధ్యాయం పేరు 'కష్టమే పెట్టుబడి'. గంగాదేవి పైకి చదవడం మొదలుపెట్టింది. వాన రాని ఊరు, నెర్రెలిచ్చిన నేల, రేకుల షెడ్డు. అంతవరకు అందరూ నవ్వుకుంటూ విన్నారు. పేజీ తిప్పాక ఆమె పైకి చదవడం ఆపి, మిగతాది మనసులోనే చదువుకుంది.

'గంగాదేవి భర్త అప్పుల బాధ తట్టుకోలేక చేనులోనే పురుగుల మందు తాగాడు. దినాలైన మర్నాడే ఆమె పొయ్యి వెలిగించి తొలి చిక్కీ పోసింది. పాఠం: కన్నీళ్లు తుడుచుకోకు, వాటిని అమ్మడం నేర్చుకో.'

బయట మద్దిలేటి ఆటోలోకి పెట్టెలు ఎక్కిస్తూ ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు.

అట్లా చేనులో మందు తాగి పోయినవాడు తిప్పమ్మ మొగుడు ఓబులేష్. విష్ణువర్ధన్ వచ్చిన రోజు తిప్పమ్మ ఆ సంగతంతా చెప్పుకుని ఏడ్చింది. ఆయన వేడి చిక్కీ నములుతూ, తలూపుతూ విన్నాడు.

"ఆపేస్తివేమి పాపా?"

"కండ్లు లాగుతాండాయి అక్కా. రేపు చదువుతాలే."

షెడ్డు వెనక్కి పోయి ఆయనకు ఫోన్ చేసింది.

"సార్, నా మొగుడు బతికే ఉండాడు కదా!"

"తెలుసమ్మా," అని ఆయన నవ్వాడు. "చదివేటోనికి ఒక్క మనిషే గుర్తుంటాది. ఆయమ్మకు కష్టం ఉండాది, వ్యాపారం లేదు. నీకు వ్యాపారం ఉండాది, కష్టం చాల్లేదు. రెండూ కలిపి రాసినాను, అంతే."

"చాల్లేదా సార్?"

"తప్పుగా అనుకోవద్దమ్మా. ఆదివారం అనంతపురంలో పుస్తకం విడుదల. బెంగళూరు నుంచి పెద్ద స్టోర్లోళ్లు వస్తాండారు, నీ చిక్కీ కోసమే. స్టేజీ ఎక్కి రెండు మాటలు చెప్పు, చాలు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. పూలు పెట్టుకోవద్దు. బొట్టు కూడా... నీకు తెలుసు గదా."

గంగాదేవి ఫోన్ పెట్టేసింది.

ఇంటికి పోయాక మొగుడికి చెప్పింది. అతను పుస్తకం తీసుకుని తన చావును తానే చదువుకున్నాడు. పక్కన పెట్టి, సంగటి ముద్ద పప్పులో అద్దుకున్నాడు.

"రాస్తే సచ్చిపోతానా ఏమి? బెంగళూరు ఆర్డరంటే మాటలా! నేను బయట ఆటోలోనే కూర్చుంటాలే, ఎవురికీ కనపడను."

"అది నీ చావు గాదు. ఓబులేషన్నది."

"ఆయప్ప పోనే పోయినాడు. ఇంకా పోయేదేముండాది మే? కొంచెం పప్పు వెయ్యి."

పప్పు వేసింది గాని, నములుతున్న ఆ దవడల వైపు చూడలేకపోయింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని తిన్న మనిషే.

తెల్లారి తిప్పమ్మకు మొత్తం చదివి వినిపించింది. తిప్పమ్మ గరిటె పక్కన పెట్టింది.

"మా ఆయన పేరు రాసినాడా?"

"లేదక్కా."

"ఆ పొద్దు నేను ఏడుస్తాంటే నీళ్లిచ్చి, ఊరుకోమ్మా అన్నాడే. ఎంత మంచోడో అనుకుంటి." పాకం అడుగంటి మాడు వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. "నేనూ వస్తా పాపా, అనంతపురానికి."

ఆదివారం గంగాదేవి కొప్పు నిండా కనకాంబరాలు పెట్టుకుంది. కుంకుమబొట్టు ఇంకొంచెం పెద్దదే దిద్దుకుంది. ఆటోలో ఉంటానని గొణుగుతున్న మద్దిలేటిని రెక్క పట్టుకుని హాల్లోకి తెచ్చి ముందు వరసలో తిప్పమ్మ పక్కన కూర్చోబెట్టింది. విష్ణువర్ధన్ కళ్లు ఆమె పూల మీద ఒక్క క్షణం ఆగాయి. వెంటనే నవ్వు తెచ్చుకుని స్టేజీ మీదికి పిలిచాడు.

"మూడో అధ్యాయంలో ఉండేది నేనే," అంది మైకులో. "అందులో సచ్చిపోయిన నా మొగుడు ఇదో, ఈడ కూర్చోనుండాడు. లెయ్యప్పా!"

మద్దిలేటి బెదురుగా లేచి నిలబడ్డాడు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి.

"నవ్వాకండి. ఆ చావు వేరే ఆయమ్మది. అడక్కుండా తీసుకోని నాకు తగిలించినారు. నాకొద్దు."

నవ్వులు ఆగాయి. విష్ణువర్ధన్ నిదానంగా వచ్చి ఆమె చేతిలోని మైకు తీసుకున్నాడు.

"చూశారా మిత్రులారా! ఇదీ ధైర్యమంటే! నిజాయితీని మించిన బ్రాండు లేదని ఆరో అధ్యాయంలో నేను రాసింది ఈమెను చూసే!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ మోతలో గంగాదేవికి ఒళ్లంతా జిడ్డు పూసినట్టయింది. ముఖాన ఉమ్మేసినా, ఈయన దాన్నీ పాఠం చేసి అమ్ముకుంటాడని ఆమెకు అర్థమైంది.

దిగి వచ్చేసరికి ఆయన తిప్పమ్మ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, రెండో ముద్రణలో ఓబులేష్ గారి పేరే వేయిస్తా. ఫోటో ఒకటి ఇప్పించండి."

"ఆయప్ప పేరు నీ నోట్లోకి రాకూడదు," అంది తిప్పమ్మ. గొంతు పెంచలేదు. చెంగు దులుపుకుని బయటికి నడిచింది.

గంగాదేవి ఆమె వెనకే పోబోతుంటే బెంగళూరు స్టోర్ల మనిషి అడ్డం వచ్చాడు.

"కథ భలే మలుపు తిరిగింది మేడం. మీ ఆయన ఫోటో, మీ ఫోటో ప్యాకెట్టు మీద వేద్దాం. జనం ఎగబడి కొంటారు."

"చిక్కీ తిని చూసినారా సార్?"

"ఇంకా లేదు. దాందేముంది మేడం!"

ఆమె అతన్ని తప్పించుకుని వచ్చేసింది.

పుస్తకం మాత్రం ఆగలేదు. అది చదివినవాళ్లు హైవే మీద కార్లు ఆపుకుని షెడ్డుకు రావడం మొదలైంది. ఒక పొద్దున భార్యాభర్తలు దిగారు. ఆమె గంగాదేవి చెయ్యి పట్టుకుని కళ్లు ఒత్తుకుంది.

"మీ ఆయన పోయినా మీరు నిలబడ్డారు చూడండి!"

పక్కనే పెట్టెలు కడుతున్న మద్దిలేటి తల ఎత్తి పళ్లికిలించాడు.

"ఆ పోయినోన్ని నేనే మేడం. ఎన్ని ప్యాకెట్లు గావాల?"

వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. అతనితో నిలబడి ఫోటో తీసుకున్నారు. లోపల తిప్పమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

గంగాదేవి తన చెయ్యి వెనక్కి లాక్కుంది. మద్దిలేటి అందించబోయిన ప్యాకెట్లను అతని చేతుల్లోంచి తీసేసుకుంది.

"మీకు అమ్మేది లేదు," అంది. "పొండి."